ఎదురుదిబ్బ దీపాలు

గుల్లదిబ్బ పంపు దినచర్య

బహుళ పంచమి

మీరు దొంగలు.

ఇది చదువుతున్న మిమ్మల్నే అంటున్నాను. వెనక్కి తిరిగి చూడకండి, అక్కడ ఎవరూ లేరు. మెట్టనగరంలో, బయట కొండలు పెనంలా కాలుతుంటే, లోపల దుప్పటి కప్పుకోవలసినంత చలి పుట్టించుకున్న గదిలో కూర్చున్నారు మీరు. ఆ చలి మాది. మా దిబ్బ కిందుగా పోయే గొట్టంలోంచి తోడుకున్నారు. "నేను బిల్లు కడుతున్నాను కదా" అంటారు. కడుతున్నారు. దొంగసొత్తు కొనేవాడు కూడా డబ్బిచ్చే కొంటాడు.

ఈ దినచర్య రాయడం నా ఉద్యోగం. సముద్రం డెల్టాను మింగాక మిగిలిన ప్రతి దిబ్బకూ చుట్టూ ఒక మట్టిగట్టు, లోపల ఊరిన నీళ్ళు తోడి పోయడానికి ఒక పంపు, ఆ పంపుకు ఒక కాపరి. కాపరి రోజూ నీటిమట్టం రాసి మెట్టనగరానికి పంపాలి. ఏళ్ళ తరబడి "మట్టం మామూలు" అని రాశాను. ఒకసారి "పంపును మొసలి మింగింది" అని రాసి చూశాను. ఎవరూ అడగలేదు. ఆనాటి నుంచి నాకు తోచింది రాస్తున్నాను. నా పేరు నూకరత్నం. యాభై దాటాయి. గొంతు పెద్దది, అందుకే యూనియన్ ఉన్న రోజుల్లో నన్నే ముందు నిలబెట్టేవాళ్ళు.

ఈరోజు మట్టం మా వీధిలో చీలమండ దాకా. డీజిల్ రాలేదు.

డీజిల్ సంగతి తెలియకపోతే వినండి. సముద్రంలో బావులున్నాయి. అక్కడే నూనె తోడి, అక్కడే శుద్ధి చేసి, డీజిల్ చేసి గొట్టంలోకి వదులుతారు. గొట్టం మా గుల్లదిబ్బ కిందుగా వచ్చి, మధ్యలో ఉన్న పాయ దాటి, ఎదురుదిబ్బ కిందుగా మెట్టనగరం పోతుంది. అక్కడ లెక్కలయ్యాక, మా పంపుకు రావలసిన వాటాను పీపాల్లో పోసి పడవ మీద వెనక్కి పంపుతారు. మా పెరట్లో బావి నీళ్ళు పక్కూరికి మోసుకెళ్ళి, అక్కణ్ణుంచి చెంబుతో మాకు తెచ్చి పోసినట్టు. ఆ పడవ రెండు పక్షాలుగా రాలేదు.

ఇలాంటి రాతల్లో ఎవరూ రాయని నిజం ఒకటి రాస్తాను. నాకు మీ మీదున్న కోపం కన్నా ఎదురుదిబ్బ మీదున్న అసూయ ఎక్కువ. మీరు కనపడరు. వాళ్ళు కనపడతారు. పొద్దు వాలగానే పాయకు అవతల వరసగా దీపాలు వెలుగుతాయి. దీపాల కింద తెల్లటి సిమెంటు గోడ, గోడ వెనక ప్రతి ఇంటికీ చల్లపెట్టె బిగించిన కిటికీ. నేను గుడ్డివెలుగులో చేప తోముకుంటూ ఆ గోడను చూస్తాను. అన్నం వదిలేస్తాను.

బహుళ సప్తమి

వరాలు వదిన వచ్చింది. మా మేనమామ కూతురు, ఎదురుదిబ్బలో గొట్టపు పెద్ద దానయ్య భార్య. గొట్టపు పెద్ద అంటే ఆ దిబ్బలో నూనె కంపెనీకి జవాబుదారీ. మాకు అలాంటివాడు ఒకడుండేవాడు. పంపు కొత్త ఇంజను తెస్తానని మెట్టనగరం వెళ్ళి, అక్కడే ఇల్లు కట్టుకుని, డెల్టా మండలిలో సభ్యుడై, ఇప్పుడు మా బాధల గురించి చక్కగా ఉపన్యాసాలిస్తున్నాడు.

వదిన మోటారు పడవ దిగింది. కాళ్ళకు చెప్పులు, తోలువి.

"రత్నం, ఉన్నావంటే?"

"ఎక్కడికి పోతాను వదినా? నాకేవన్నా మోటారు పడవుందా?"

"ఉంటే మాత్రం నువ్వు నడుపుతావా? పడవక్కూడా లెక్చరిచ్చి ముంచేత్తావు." గుడ్డలో ఊకేసి చుట్టిన మూట విప్పింది. లోపల ఐసుగడ్డ. "కరిగిపోద్ది, తొందరగా గ్లాసు తే."

తాగాను. పళ్ళు జివ్వుమన్నాయి. అంత బాగున్నందుకు ఏడుపొచ్చింది. అది దాచుకోవడానికి, "అన్నయ్య పంపేడా, పేదోళ్ళకి పంచిరమ్మని?" అన్నాను.

వదిన నొచ్చుకోలేదు. మా పంపు వైపు చూసింది. పంపు అప్పుడు ఆగిపోయే ఉంది. తరవాత నవ్వుతూ అంది, "ఏవే, ఈ అమాసకి మీయాళ్ళు ఎదురుమన్ను తేరేంటి?"

ఎదురుమన్ను మా రెండు దిబ్బల ఆచారం. ప్రతి అమావాస్య పోటుకు ముందు ఇంటికో గంప మట్టి తీసుకెళ్ళి ఎదుటి దిబ్బ గట్టు మీద పోయాలి. మా మట్టి వాళ్ళ గట్టుకు, వాళ్ళ మట్టి మా గట్టుకు. సొంత గట్టయితే మనిషి రేపు చూద్దాంలే అనుకుంటాడు. పరాయివాళ్ళ కళ్ళ ముందు సగం గంపతో నడవాలంటే సిగ్గేస్తుంది. అందుకని మా గట్లు నిలిచాయి. ఒకటే నియమం: నోరు తెరిచి మట్టి అడగకూడదు. అడిగితే, మా ఇంట్లో గంప ఎత్తే మనిషి మిగల్లేదని చెప్పుకున్నట్టు.

అవతల సిమెంటు గోడ లేచాక మేమే మొదట మానేశాం. వాళ్ళు ఒక అమావాస్యకు వచ్చారు, పోసి వెళ్ళారు. మేము వెళ్ళలేదు. తరవాత వాళ్ళూ రాలేదు.

కాబట్టి వదిన మాట నాకు ఎగతాళిగా తగిలింది.

"సిమెంటు గోడకి మా బురద పూస్తే మచ్చ పడదూ? అన్నయ్యకి కోపం రాదూ?" అన్నాను.

"అదీ నిజవేలే," అంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, బురదలో నడిచి పడవెక్కింది. ఆ చెప్పులు నా కళ్ళలోంచి పోలేదు.

బహుళ నవమి

మట్టం పిక్క దాకా. పంపుకు మిగిలిన డీజిల్ ఒక పోటుకు కూడా చాలదు. అమావాస్య పోటుకు పంపు నడవకపోతే మా పల్లపు వీధి మొత్తం పోతుంది.

కంపెనీ సరఫరా అధికారి శశికాంత్ గారు వచ్చారు. ఎండకు తట్టుకోలేక గొడుగు కిందే నిలబడి సభ పెట్టారు.

"మీ వాటా విడుదలైందమ్మా. కాగితాల ప్రకారం అందింది కూడా. ఎదురుదిబ్బ పెద్ద సంతకం చేసి తీసుకున్నాడు."

"మా వాటా ఆడెందుకు తీసుకుంటాడండీ?" అన్నాడు కొండబాబు. మా పంపు మెకానిక్కు. ఎప్పుడూ చేతులకు గ్రీజు, నోట్లో బీడీ.

"అది మీలో మీరు తేల్చుకోవాలి. బంధువులే కదా మీరంతా."

అంతే, ఊరు రేగిపోయింది. ఆ దీపాలు మా డీజిలేనని ఒకరు, ఆ ఐసు మా డీజిలేనని ఇంకొకరు. ఆ ఐసు తాగిన గొంతుతో నేనూ అరిచాను. కొండబాబు అందరి కన్నా గట్టిగా అన్నాడు:

"ఆళ్ళ వాటా కోసెయ్యండి సార్. మాకు రాపోయినా పర్లేదు!"

చప్పట్లు. నేనూ కొట్టాను. శశికాంత్ గారు అర్జీ రాసిస్తే పరిశీలిస్తామన్నారు. అర్జీ నేనే రాశాను, ఎందుకంటే ఊళ్ళో కోపాన్ని వాక్యాల్లో పెట్టగలిగేది నేనొక్కదాన్నే. ఎదురుదిబ్బ వాటా రద్దు చేయమని మాత్రమే రాశాను. మాకు కావాలని రాయడం మరిచిపోయాను! ఆయన అది చదువుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి నాకు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం దగ్గరే నాకు అనుమానం రావలసింది.

మీ నగరంలో పండితులు దీన్ని వనరుల శాపం అంటారట. నూనె దొరికిన దేశాలన్నీ పేదవైపోతాయని, అదేదో నేల గుణమని పుస్తకాలు రాశారట. శాపం పెట్టడానికి ముని కావాలి. ఇక్కడ మునులెవరూ లేరు, ఒప్పందం మీద సంతకాలు పెట్టినవాళ్ళున్నారు. వాళ్ళకు పేర్లున్నాయి, ఇళ్ళున్నాయి, ఆ ఇళ్ళలో మీలాంటి అతిథులున్నారు. మా మీద శాపం పడిందనడం మీకు హాయి. శాపానికి ఎవరూ జైలుకెళ్ళక్కర్లేదు.

బహుళ ద్వాదశి

దానయ్య గొంతు పట్టుకుని మా డీజిల్ కక్కిద్దామని ఎదురుదిబ్బ వెళ్ళాను. తెడ్డు పడవ. ముందువైపు రేవులో కంపెనీ కాపలా ఉంటుంది, ఆపుతారు. అందుకని చుట్టూ తిప్పి సముద్రం వైపు నుంచి పోయాను. ఆ వైపు నేను చూసి చాలా కాలమైంది.

వెనకవైపు గోడ లేదు.

ఒక్క ఇటుక కూడా లేదు. పాత మట్టిగట్టే, అదీ కరిగి నడుమెత్తుకు దిగింది. ఖాళీల్లో తలుపులు నిలబెట్టారు, మంచాలు అడ్డం పెట్టారు. వాటి మధ్య చల్లపెట్టెలు. ఏ పెట్టెలను చూసి నేను రోజూ అన్నం వదిలేశానో అలాంటి పెట్టెలే. లోపలి సామాను పీకేసి, మట్టి కూరి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. దీపస్తంభాలు మా వైపు మాత్రమే ఉన్నాయి. దిబ్బ లోపల ఒక్కటీ లేదు. కిటికీలకు పెట్టెలు కూడా మాకు కనపడే మొదటి వరసకే మిగిలాయి.

వరాలు వదిన మోకాలి లోతు బురదలో ఉంది. నెత్తిన గంప.

నన్ను చూసి గంప దించలేదు. "చూసేసేవా," అంది. "చూడు. నీకిప్పుడు కడుపు సల్లబడిందా?"

"వదినా, మరి ఆ దీపాలు?"

"మెట్టనగరం దొరలు పాయలో పడవేసుకొచ్చి చూసేది ఆ వైపేగా. గొట్టంలోంచి ఓ సన్నపైపు ఆ దీపాల జనరేటరుకే ఇచ్చేరు. మా పొయ్యికివ్వలేదు, మా పంపుకివ్వలేదు. అసలు మాకు పంపెక్కడిదే? ఇంజను ఇప్పి పట్టుకెళ్ళి గోడున్న దిబ్బకి పంపెందుకన్నారు. దొరలొచ్చిన రోజు ఐసు తెత్తారు. ఆళ్ళు తాగ్గా మిగిల్తే మూట కట్టి నీకు తెచ్చేను."

"అడగొచ్చుగా! గోడ లేదని ఒక్క మాట అనొచ్చుగా!"

"అడిగేనుగా. నువ్వేవన్నావో గుర్తు తెచ్చుకో."

ఎదురుమన్ను తేరేంటని ఆమె అడిగితే, సిమెంటు గోడకు మచ్చ పడుతుందన్నాను. వదినే మళ్ళీ అంది.

"మీ పంపు సప్పుడు ఇక్కడికినపడుద్ది రత్నం. ఆళ్ళింట్లో నీళ్ళు దిగుతున్నాయి, ఆళ్ళ పిల్లలు పొడి నేల మీద పడుకుంటన్నారనుకుని ఏడిసేదాన్ని. ఆ పంపు ఆగిపోతే బావుండునని మొక్కేను కూడా. ఆ అదికారొచ్చి, మా వాటా గుల్లదిబ్బోళ్ళు పట్టుకుపోయేరన్నాడు. మరి మీ పంపు అప్పుడప్పుడన్నా మోగుతుందిగా, నమ్మేం. మొన్న మీ వాటా కొయ్యమని అర్జీ కూడా ఇచ్చేం."

వాళ్ళ అర్జీ కూడా ఆయన జేబులోనే ఉందన్నమాట, నా అర్జీ పక్కన.

దానయ్య అన్నయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"గోడంతా కట్టేమని సంతకం నేనే పెట్టేను," అన్నాడు. "పెట్టాపోతే ముందువైపు కూడా కట్టవన్నారు. పెడితే పడవిచ్చేరు. మీ వాటా కాయితం మీదా నా సంతకవే. పీపా మాత్రం నేను కంటితో చూళ్ళేదు."

"నువ్వు తిన్నావన్నయ్యా."

"తిన్నాను. నేను పడవ తిన్నాను. మండలోళ్ళు మేడలు తిన్నారు. ఆళ్ళననవేం?"

"ఆళ్ళనీ అంటాను. ముందు నిన్ను."

తల ఊపాడు. అడక్కుండానే ఇంకో మాట చెప్పాడు. "గొట్టానికి మూత ఉంది తెలుసా? ఇక్కడో చక్రం, మీ పంపు పక్కన గోతిలో ఓ చక్రం. రెండూ ఒకేసారి తిప్పితే మూత పడుద్ది. ఒక్కళ్ళే తిప్పితే పడదు. తెరవడానికైతే ఒక్కళ్ళు చాలు. బిగించేటప్పుడు ఇంజనీరునడిగేను, రెండు దిబ్బలోళ్ళూ కలిసి తిప్పేత్తే ఎలాగండీ అని. నవ్వేడు. ఆళ్ళు కలవరులే అన్నాడు."

మా గోతిలో చక్రం మీద కొండబాబు తడిబట్టలు ఆరేస్తాడు.

మీ కంపెనీ గొట్టానికి కాపలా ఖర్చు ఎందుకు పెట్టలేదో నాకప్పుడు తెలిసింది. కాపలా మేమే. వాళ్ళ దీపాలు చూసి కుళ్ళుకునే నేను ఒక కాపలా, మా పంపు విని కుళ్ళుకునే వదిన ఒక కాపలా. జీతం లేదు, సెలవు లేదు.

ఇంత తెలిశాక కూడా పడవెక్కుతూ గట్టు మీద ఆరబెట్టిన ఆమె చెప్పుల వైపు చూశాను. అది కూడా రాస్తున్నాను.

బహుళ చతుర్దశి

మా ఊళ్ళో చెప్పాను. నమ్మనివాళ్ళను పడవల్లో తీసుకెళ్ళి వెనకవైపు చూపించాను. కొండబాబు చూసొచ్చి కూడా ఒప్పుకోలేదు.

"ఆళ్ళు మునిగితే ఆ వాటా మనకేగా అక్కా?"

"ఏ వాటారా? ఆళ్ళకొచ్చేది ఏవన్నా ఉందా?"

"లేదు."

"లేనిదాన్లోంచి నీకు ఎంత కావాలి?"

బీడీ పారేశాడు. "అది కాదక్కా. ఇన్నాళ్ళు ఆ దీపాలు చూసి నా పెళ్ళాం నన్ను తిట్టిన తిట్లున్నాయే, అయ్యెవరిత్తారు?"

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, తరవాత ఏడ్చాడు. అప్పుడు పని మాట్లాడుకున్నాం. పోటు పొద్దెక్కాక వస్తుంది. మట్టి ముందే చేరాలి. చక్రాలు ఒకేసారి తిరగాలి: ఎదురుదిబ్బ గట్టు మీద ఎర్ర చీర ఎగరేయగానే ఇక్కడ కొండబాబు, అక్కడ దానయ్య. మూత పడ్డాక గొట్టంలో నిలిచిపోయిన డీజిల్ మా గోతిలో ఉన్న, గొట్టం పారుతున్నంతసేపూ తిరగని చిన్న కుళాయిలోంచి దించి పంపుకు పోయాలి. దొంగతనం కదా అని పూజారి సుందరాచార్యులు గారు అడిగారు. వాటా రాని నెలలన్నీ కలిపి చూస్తే ఇది మాకు రావలసిందేనని చెప్పాను. ఆయన గంప తెచ్చుకోవడానికి ఇంటికి వెళ్ళారు.

అమావాస్య

తెల్లవారుతూనే మా పడవలన్నీ పాయ దాటాయి. ప్రతి ఇంటికీ ఒక గంప అని ఆచారం. ఈరోజు ఇల్లంతా కదిలింది. ముందు రేవు కాపలావాళ్ళు ఎక్కడికని అడిగారు. ఎదురుమన్ను అన్నాం. ఆచారం కదా, వదిలేశారు. వెనక గట్టు మీద వదిన వాళ్ళు మమ్మల్ని చూసి పలకరించలేదు, దారిచ్చి పక్కకు జరిగారు. అదీ ఆచారమే. మట్టి తెచ్చినవాళ్ళను పలకరిస్తే అప్పు తీసుకున్నట్టవుతుందని. గంపలు పడుతూనే ఉన్నాయి. చల్లపెట్టెలు మట్టి కింద కనపడకుండా పోయాయి.

ఎర్ర చీర లేచింది. గుల్లదిబ్బ వైపు గోతి కనపడదు. దానయ్య తన చక్రం మీద బొజ్జ ఆనించి తిప్పుతున్నాడు, కళ్ళు మూసుకుని. కాసేపటికి కాళ్ళ కింద నేల వణకడం ఆగింది. ఏళ్ళ తరబడి ఆ గొట్టం వణుకు ఎప్పుడూ ఆగలేదు, అందుకే అది వణుకని ఎవరికీ తెలియదు. పిల్లలు భయపడి ఏడ్చారు.

పొద్దెక్కినా ఇంకా ఆర్పని దీపాలు ఒక్కసారిగా ఆరిపోయాయి. పాయకు అవతల నుంచి మా పంపు చప్పుడు వినిపించింది. వరాలు వదిన గంపతో ఆగిపోయి విన్నది. "ఏడుపు రావట్లేదే," అంది, ఆశ్చర్యంగా.

పోటు వచ్చింది. గట్టు దక్షిణం మూల తెగింది. మనుషులం అడ్డం నిలబడి, పడవ తెచ్చి ఆ గండిలో ముంచాం. దానయ్య మోటారు పడవ. "ముంచెయ్యండి," అని తనే తాడు కోశాడు. మూలనున్న ఇళ్ళు పోయాయి. మా పల్లపు వీధి నిలిచింది. మనుషులెవరూ పోలేదు. రాసుకోండి, ఎవరూ పోలేదు.

పాడ్యమి

మట్టం చీలమండ కిందికి. గొట్టం మూసే ఉంది.

శశికాంత్ గారి పడవ పాయ మధ్యలో ఆగి ఉంది. రేవుకు రావడానికి భయపడుతున్నాడు. మైకులో ఏదో అంటున్నాడు: ఏ దిబ్బ ముందు తెరిస్తే ఆ దిబ్బకు రెండు వాటాలట. రెండు గట్ల మీదా జనం నవ్వారు. కానీ ఆ మాట వినగానే మా వాళ్ళలో కొందరు ఎదురుదిబ్బ చక్రం వైపు చూశారు, వాళ్ళలో కొందరు మా వైపు చూశారు. నేను చూశాను ఆ చూపులు. అందుకని ఈ పొద్దుటి నుంచి మా చక్రం దగ్గర ఎదురుదిబ్బవాళ్ళు కూర్చున్నారు, వాళ్ళ చక్రం దగ్గర మేము కూర్చున్నాం.

మీ గదిలో చలి తగ్గిందా? దుప్పటి తీసేశారా? చెమట పట్టి ఉంటుంది. ఎవరో తెలియని ఊళ్ళో ఎవరో హాయిగా ఉన్నారని, అదంతా మీదేనని, మీకు కడుపు మండుతూ ఉంటుంది. అది నాకు బాగా తెలిసిన మంట. నాలో తగ్గలేదు. మొన్నటిదాకా పాయ దాటి ఆగిపోయేది, ఇప్పుడు మెట్టనగరం దాకా వస్తోంది.

మా రెండు దిబ్బల డిమాండ్లు ఇవి.

ఒకటి. దిబ్బల పంపులకు డీజిల్ గొట్టంలోంచే నేరుగా, ముందుగా ఇవ్వాలి. మిగిలింది మీరు తీసుకోవాలి.

రెండు. ఎదురుదిబ్బకు దాని పంపు ఇంజను తిరిగి ఇవ్వాలి.

మూడు. సముద్రం వైపు గోడ కట్టాలి. రెండు దిబ్బలకూ. పాయ వైపు దీపాలకు అయిన ఖర్చు బయటపెట్టాలి.

నాలుగు. నూనె ఒప్పందం పూర్తి పాఠం తెలుగులో అచ్చు వేసి ప్రతి దిబ్బలో అంటించాలి, ఎవరెవరు ఎంతెంత తీసుకున్నారో పేర్లతో సహా. దానయ్య పేరు కూడా ఉండాలి. ఆయన ఒప్పుకున్నాడు.

ఐదు. మా పాత గొట్టపు పెద్దను మండలి నుంచి తొలగించి విచారించాలి.

ఆరు. కొట్టుకుపోయిన మూల ఇళ్ళు తిరిగి కట్టివ్వాలి.

ఏడు. రెండు చక్రాలూ దిబ్బల అధీనంలోనే ఉండాలి. కంపెనీ మనిషి వాటిని ముట్టుకోకూడదు.

ఎనిమిది. వీటి మీద సంతకం పెట్టేవాడు ఇక్కడికి వచ్చి, వచ్చే పున్నమి పోటుకు, ఎదురుదిబ్బ వెనక గట్టు మీద నిలబడి పెట్టాలి.